పాట ఆపమన్న మైకు

2022లో సద్దుల బతుకమ్మ నాడు మా ఊళ్లో ఉన్నాను. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒకప్పుడు పల్లె, ఇప్పుడు మండల కేంద్రం. ఉద్యోగం, పిల్లల చదువులు, అత్తగారి ఊరు, వీటి మధ్య తల్లిగారింటి బతుకమ్మ చూసి చాలా ఏళ్లయింది. అమ్మా నేనూ పొద్దంతా కూర్చుని పేర్చాం. తంగేడు దొరకలేదు. గునుగు కొంచెం, మిగతాదంతా బంతి. పొద్దుగూకే వేళకు తాంబాళం ఎత్తుకుని బడి గ్రౌండుకు పోయేసరికి రెండు మూడు వందల మంది ఆడవాళ్లు చేరి ఉన్నారు. గ్రౌండు కొసన వేదిక, దాని చుట్టూ ఫ్లెక్సీలు, రెండు పక్కలా మనిషెత్తు డీజే బాక్సులు. డీజే ఇంకా మొదలుకాలేదు. ఆలోపే పెద్దవాళ్లు కొందరు బతుకమ్మలను నడుమ పెట్టి పాట ఎత్తుకున్నారు. నేనూ చేరాను. నడుము వంచి చప్పట్లు కొడుతుంటే మరిచిపోయాననుకున్న చరణాలు వాటంతటవే నోటికొస్తున్నాయి.

నాలుగు చరణాలు కాకముందే మైకు అందుకుంది. "అమ్మా, పాట ఆపుండ్రి. ఎమ్మెల్యే సారు బయలెల్లిండు. అందరు స్టేజీ దిక్కు మర్రి కూసోండ్రి."

ఆపేశారు. ఎవరూ గొణగలేదు కూడా. గుండ్రంగా ఉన్నవాళ్లం వరుసలుగా మారి, వేదికకు ఎదురుగా కింద కూర్చున్నాం. బతుకమ్మలు మా వెనక్కి పోయాయి. గంటకు పైగా ఎదురుచూశాక ఆయన వచ్చారు. వేదిక మీద పదకొండు మంది, అందులో ఆడవాళ్లు ఇద్దరు. ఒకామె సర్పంచి, కానీ మాట్లాడింది ఆమె భర్త. స్త్రీశక్తి గురించి, పూలను పూజించే మన సంస్కృతి గురించి అరగంట ఉపన్యాసాలయ్యాయి. తర్వాత డీజే. చీకటి పడ్డాక ట్రాక్టరు ట్రాలీలో బతుకమ్మలను చెరువుకు తీసుకుపోయారు. అమ్మ ఇంటికొచ్చి ఒక్క మాటంది: "ఈసారి ఆడినట్టే లేదు బిడ్డా."

బతుకమ్మ పాటను నడుమ ఆపడం నా ఎరుకలో అదే మొదటిసారి. వానొస్తే ఆగేది, చంటిపిల్ల ఏడిస్తే ఒకామె పక్కకు పోయేది, పాట మాత్రం ఇంకొకరి నోట సాగేది. పాట ఆపమనే హక్కు మైకుకు ఎప్పుడొచ్చింది? అంతకుముందు ఆ హక్కు ఎవరి దగ్గరుండేది? ఈ వ్యాసం ఆ ప్రశ్నల వెంట పోయిన ప్రయాణం. వెనక్కి పోతూ పోతూ మా ఇంటి గడప దగ్గరే ఆగాల్సి వస్తుందని మొదట అనుకోలేదు.

బతుకమ్మ గురించి రాసేవాళ్లందరం ఒక మాట ఇష్టంగా రాస్తాం. ఇది పూజారి లేని పండుగ, గుడి లేని పండుగ, మంత్రం లేని పండుగ అని. నిజమే. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై దుర్గాష్టమి నాడు సద్దులతో ముగిసే ఈ తొమ్మిది రోజుల్లో మగవాడికి పెద్ద పనేమీ లేదు. చెలకల్లో, గట్ల మీద తిరిగి పూలు కోసుకురావడం, మాపటికి చెరువులోకి దిగి బతుకమ్మను లోపలికంటా తోయడం, అంతే. గునుగు కట్టలు కట్టి కొసలు కోసి రంగులద్దేది, గుమ్మడాకు పరిచి వరస మీద వరస పేర్చేది, పసుపుతో గౌరమ్మను చేసేది, మలీద ముద్దలు, సత్తుపిండి పంచేది అంతా ఆడవాళ్లే. దేవత కూడా చేతులతో పొద్దున చేసి మాపున నీళ్లలో వదిలే దేవతే. మరునాటికి ఉండదు.

అన్నిటికంటే ముఖ్యం పాట. ఒకామె చెబుతుంది, మిగతావాళ్లు అందుకుంటారు. 'ఉయ్యాలో' అన్న పల్లవి ఒక కొక్కెం లాంటిది. దానికి ఏ కథనైనా తగిలించొచ్చు. చోళరాజు ధర్మాంగదుడికి లక్ష్మి కూతురై పుట్టిన కథ, చెరువు కట్ట నిలవడానికి కోడలిని బలిచ్చిన కథ, అన్నను చూడక ఏడాదైన చెల్లెలి గోడు, కరువు కాలం, అత్త ఆరళ్లు, అన్నీ అందులో పడతాయి. పేరు పెట్టి తిట్టలేని మనిషిని కూడా పాటలో పెట్టి తిట్టొచ్చు. బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేసిన కాలం నుంచీ పండితులు ఈ పాటలను సేకరిస్తూనే ఉన్నారు. పుస్తకంలోకి ఎక్కిన పాట స్థిరపడుతుంది. ఆటలోని పాట స్థిరంగా ఉండదు. అది చెప్పే ఆమె ఆనాటి మనసును బట్టి పొడుగవుతుంది, తిరుగుతుంది, ఒక్కోసారి ఎవరికో తగిలి ఆగుతుంది. అక్షరాలు రాని ఆడవాళ్లకు అది పత్రిక, సభ కూడా.

ఇంతవరకు రాసి ఆగిపోతే హాయిగా ఉండేది. కానీ నా చిన్నతనం అంత హాయిగా ఆగనివ్వదు.

మా తాత మాలీపటేలు. 1980ల నడుమ పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయ్యేదాకా ఊళ్లో శిస్తు లెక్క మా ఇంటిదే. అంతకుముందు ఊరి మీద పెత్తనం గడిది. నాయనమ్మ కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో సద్దుల నాడు ఊరి బతుకమ్మలన్నీ ముందుగా గడి ముందుకు పోవాలట. దొరసాని మేడ మీద కూర్చుని చూసేదట. ఆమె చాలన్నాకే చెరువుకు కదలాలి. ఒళ్లు బాగాలేకపోయినా, ఇంట్లో చావు జరిగినా రాకపోతే మరునాడు పిలుపు. "ఆడుడు మనది, చూసుడు వాళ్లది" అనేది నాయనమ్మ. అంటే వేదిక కొత్తగా రాలేదు. ఒకప్పుడది మేడ.

నాకు ఊహ తెలిసేసరికి, 1970ల మొదట్లో, దొరలు హనుమకొండకు మారిపోయారు. గడి తలుపు మూతబడింది. అప్పుడు ఊరి బతుకమ్మ ఆంజనేయుడి గుడి ముందుకొచ్చింది. ఆ గుడి ముందటి జాగాకు ఎదురిల్లు మాది. బతుకమ్మ ఎప్పుడు ఎత్తాలో ఇప్పుడు నాయనమ్మ చెప్పేది. దాన్ని మేమెవరం పెత్తనం అనుకోలేదు. మర్యాద అనుకున్నాం.

ఆ గుండ్రంలో సాకలి ఇంటి ఆమె పాట చెబితే మా నాయనమ్మ అందుకునేది. మిగతా మూడు వందల అరవై రోజులు మా ఇంటి వెనక దర్వాజ దగ్గర నిలబడే మనిషి, ఆ తొమ్మిది రోజులు మా అందరి నోటికి ముందుండేది. ఇది నిజం. దళిత వాడ ఆడవాళ్లు ఆ గుండ్రంలో లేరన్నదీ అంతే నిజం. వాళ్ల బతుకమ్మ వాళ్ల వాడలో, వాళ్ల దిగుడు చెరువుకు అవతలి ఒడ్డున. మా ఇంటికి తంగేడు, గునుగు మోపులు మోసుకొచ్చేది ఆ వాడ ఆమే. నాట్లప్పుడు మా పొలంలో పాట ఎత్తుకునేదీ ఆమే. పూల మోపు వాకిట్లో దించి, కింద కూర్చుని, మా అమ్మ ఎత్తిపోసిన చాయ తాగి వెళ్లిపోయేది. ఆమె కోసిన పూలు మా బతుకమ్మలో ఉండొచ్చు, ఆమె ఉండకూడదు. సద్దుల రాత్రి చెరువు అవతలి నుంచి వాళ్ల పాట గాలికి వినిపించేది. నాయనమ్మ ఒక్క క్షణం చెవి పెట్టి, "దాని గొంతు మంచిది" అని మళ్లీ తన ఆటలో పడేది.

ఈ వేరు ఆట మా ఊరికే పరిమితం కాదు. తెలంగాణలో చాలా ఊళ్లలో అట్లాగే ఉండేది, కొన్నిచోట్ల ఇప్పటికీ ఉంది. విధవలదీ అలాంటి కథే. గౌరమ్మ పసుపు పుస్తెలకు పూసుకునేది ముత్తయిదువలు. మా మేనత్త ఇరవై ఆరేళ్లకు భర్తను పోగొట్టుకుంది. బతుకమ్మ పేర్చడంలో ఊళ్లో ఆమెను మించినవాళ్లు లేరు. పేర్చి, లోపలికి పోయేది. మగవాళ్లు లేని పండుగ అని మురిసిపోయే మనం, ఆడవాళ్లలోనే ఎవరెవరిని లేకుండా చేసిందో కూడా చెప్పుకోవాలి.

1978 సెప్టెంబరు 9న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. రైతుకూలీ సంఘాలు వెట్టిని, దొరల పెత్తనాన్ని నిలదీశాయి. ఆ ఏడాదే సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ గాలి మా వైపూ వచ్చింది. గడి ముందు ఆడాలని ఎవరూ మళ్లీ అడగలేదు. బతుకమ్మ బాణీకి కొత్త మాటలొచ్చాయి. అది అప్పటికే కొత్త కాదు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలోనూ ఉయ్యాల పాటల్లో పోరాట కథలు చెప్పారు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివినప్పుడు, ఆ పోరాటంలో నడిచిన ఆడవాళ్ల మాటలు వింటుంటే నాకు మా చెరువు గట్టు గుర్తొచ్చింది. రాజకీయాలు బతుకమ్మను చెడగొట్టాయని ఇప్పుడు చాలామంది అంటుంటారు. నేను అనలేను. బతుకమ్మలో రాజకీయాలు ఎప్పుడూ ఉన్నాయి. పాట చెప్పేది ఎవరు అన్నదే తేడా.

1990ల నుంచి మరో మార్పు మెల్లగా వచ్చింది. దొరలు వదిలిన ఖాళీలోకి కొత్త పెద్దమనుషులొచ్చారు. కాంట్రాక్టర్లు, ఎరువుల దుకాణాల వాళ్లు, సారా వేలంపాటల్లో సంపాదించినవాళ్లు, తర్వాత ప్లాట్ల వ్యాపారులు. వాళ్ల డబ్బుతో యువజన సంఘాలు వినాయక మండపాల తరహాలోనే దుర్గ మండపాలు వేశాయి. పండుగను వీధిలోకి తెచ్చి రాజకీయం చేయడం 1893లో తిలక్ గణపతి ఉత్సవాలతో మొదలైన పాత పద్ధతే, మా ఊరికి చేరడానికి వందేళ్లు పట్టింది. బతుకమ్మ తొమ్మిది రోజులూ దేవీ నవరాత్రులూ ఒకే కాలం కాబట్టి, చేత్తో చేసిన పసుపు గౌరమ్మ పక్కన ఆరడుగుల దుర్గ విగ్రహం వెలిసింది. పూజారి వచ్చాడు. మైకు వచ్చింది. ఉత్తమ బతుకమ్మకు బహుమతి వచ్చింది, స్టీలు బిందె, మిక్సీ. బహుమతి రాగానే న్యాయనిర్ణేతలు వచ్చారు. ఎవరి బతుకమ్మ ఎత్తు అన్న పోటీ అంతకుముందు లేదని కాదు. కానీ అది ఆడవాళ్ల కళ్లలో తేలిపోయేది, చందా ఇచ్చినవాడి చేతిలో కాదు.

2001లో టీఆర్ఎస్ పుట్టాక బతుకమ్మ ఊరి పొలిమేర దాటింది. ప్రత్యేక రాష్ట్రం అడగడమంటే నీళ్లు, నిధులు, నియామకాలతో పాటు మా మాట, మా తిండి, మా పండుగ కూడా చిన్నచూపుకు గురయ్యాయని చెప్పడం. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో తంగేడు పూలు చూసి "ఇవి రోడ్డు పక్క పూలు కదా" అని నవ్విన స్నేహితురాళ్లు నాకూ ఉన్నారు. అందుకే తెలంగాణ జాగృతి లాంటి సంస్థలు బతుకమ్మను నగరం నడివీధిలోకి తెచ్చినప్పుడు మనసు నిండింది. అప్పుడు నాకు విమర్శ గుర్తుకు రాలేదు. ఇప్పుడు కూడా ఆ నిండుదనాన్ని తప్పు పట్టను.

2011 సకల జనుల సమ్మె సెప్టెంబరు 13న మొదలై అక్టోబరు 24 దాకా సాగింది. ఆ ఏడు దసరా అక్టోబరు 6. అంటే బతుకమ్మ మొత్తం సమ్మెలోనే పడింది. టీచర్లం, ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్లం రోడ్డు మీదే బతుకమ్మలు పెట్టి ఆడాం. జాతీయ రహదారి తారు మీద, మధ్యాహ్నం ఎండలో. నా ఎడమ పక్క మా కాలేజీలోనే పనిచేసే దళిత సహోద్యోగి, కుడి పక్క అంగన్‌వాడీ ఆయా. పాట ఎవరికి వస్తే వాళ్లు చెప్పారు. రాని ఉద్యోగాల గురించి, ఎండిన చెరువుల గురించి, పోలీసుల గురించి అక్కడికక్కడే చరణాలు పుట్టాయి. నా జీవితంలో ఆ గుండ్రం ఒక్కటే అందరికీ తెరిచిన గుండ్రం. ఆ సహోద్యోగి తర్వాత ఒకసారి నాతో అంది: "నేను బతుకమ్మ ఆడటం అదే మొదటిసారి మేడమ్. మా ఊళ్లో మేం దూరం నుంచి చూసేవాళ్లం." విమలక్క, అరుణోదయ వాళ్లు 'బహుజన బతుకమ్మ' పేరుతో ఊరూరా చెప్పింది ఈ మాటే. ఎవరిని బయట పెట్టి ఆడుతున్నామో చూసుకోమని.

2014లో రాష్ట్రం వచ్చింది. ఆ ఏడాదే బతుకమ్మ, బోనాలు రాష్ట్ర పండుగలయ్యాయి. తంగేడు రాష్ట్ర పుష్పమైంది. సంతోషించాను. అదే ప్రభుత్వంలో 2014 జూన్ నుంచి 2019 సెప్టెంబరు దాకా ఒక్క మహిళా మంత్రి లేదు. ఆడవాళ్ల పండుగను రాష్ట్రానికి గుర్తుగా పెట్టుకున్న చోట, నిర్ణయాలు చేసే బల్ల దగ్గర ఐదేళ్లకు పైగా ఆడమనిషికి కుర్చీ దొరకలేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడటానికి నాకే కొన్నేళ్లు పట్టింది.

2016 అక్టోబరు 8న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 9,292 మంది ఒకేసారి బతుకమ్మ ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. ఆ తర్వాత జిల్లాల్లోనూ సంఖ్య మీద మోజు పెరిగింది. ఒక ఏడాది జిల్లా కేంద్రంలో సంబరానికి మా కాలేజీ నుంచి అరవై మంది అమ్మాయిలను తీసుకురమ్మని పైనుంచి మాట వచ్చింది. ఒకే రంగు ఓణీలు, రెండు గంటలకల్లా హాజరు. ముఖ్య అతిథి వచ్చేసరికి రాత్రి ఏడు దాటింది. ఐదు గంటలు ఎండలో కూర్చున్నారు పిల్లలు. మైదానంలో ఆడవాళ్లకు ఒక్క మరుగుదొడ్డి లేదు. అందుకని నీళ్లు తాగడం మానేశారు. ఒకమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. ఆ పిల్లలను తీసుకెళ్లి కూర్చోబెట్టింది నేనే. తల లెక్క కాగితం మీద సంతకం కూడా నాదే. పాట ఆపిన మైకును తప్పు పట్టేముందు ఇది చెప్పుకోవాలి.

2017లో చీరలొచ్చాయి. తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లలో పద్దెనిమిదేళ్లు నిండిన ఆడవాళ్లకు సుమారు కోటి చీరలు, 222 కోట్ల ఖర్చు. సిరిసిల్ల మరమగ్గాలకు పని ఇవ్వడం అన్న ఉద్దేశం మంచిది. అప్పుల్లో, ఆత్మహత్యల్లో మునిగిన ఊరది. కానీ టైము చాలక మొదటి ఏడాది చాలా చీరలు సూరత్ నుంచి తెచ్చారు. నాణ్యత లేదని కొన్నిచోట్ల ఆడవాళ్లు వాటిని రోడ్డు మీద కుప్పపోసి తగలబెట్టారు. టీవీల్లో పెద్ద చర్చ జరిగింది. పుణ్యానికి ఇస్తే వంకలా అన్నారు కొందరు. ఆ ఆడవాళ్లు దాన్ని పుణ్యం అనుకోలేదు, అదీ సంగతి. పండగ చీర అన్నది తల్లిగారింటి నుంచి వచ్చేది. దాని మీద అలిగే హక్కు, తిరిగిచ్చే హక్కు ఆడపిల్లకు ఉంటుంది. సర్కారు తల్లిగారి వేషం కడితే ఆ హక్కునూ భరించాలి. 2018లో అసెంబ్లీ ఎన్నికలు ముంచుకొచ్చినప్పుడు ఎన్నికల సంఘం ఆ చీరల పంపిణీని ఆపింది. బతుకమ్మ చీర ఓటుకు తగిలే వస్తువని దాంతో అధికారికంగా తేలింది.

ఇంకా దూరం కూడా పోయింది బతుకమ్మ. 2021 అక్టోబరు 23న దుబాయిలో బుర్జ్ ఖలీఫా మీద దాని బొమ్మ వెలిగింది. ఏ.ఆర్. రెహమాన్ స్వరపరచిన బతుకమ్మ పాట కూడా ఆ ఏడాదే వచ్చింది. ఆ వీడియో నాకు మొదట పంపింది కరీంనగర్ దగ్గరి ఊళ్లో ఉండే నా పాత విద్యార్థిని. భర్త పదేళ్లుగా గల్ఫ్‌లో కూలి పని. "ఆయన కింద నిలబడి చూసిండట మేడమ్. ఈసారి కూడా పండక్కి రాలే" అని రాసింది. ఎవరి వెలుగు ఎవరికి చేరిందో ఆ రెండు వాక్యాల్లో ఉంది.

2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024లో బతుకమ్మ చీరల పథకం ఆగింది. సిరిసిల్లలో మగ్గాలు, మగ్గాల మీద బతికే కండెలు చుట్టే ఆడవాళ్ల పని కూడా ఒడుదుడుకులైంది. 2025 నవంబరులో ఇందిరమ్మ చీరలన్న పేరుతో స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లకు పంపిణీ మొదలైంది. అంతకు కొన్ని వారాల ముందు, సెప్టెంబరు 29న, సరూర్‌నగర్ స్టేడియంలో 63 అడుగుల బతుకమ్మతో, 1,354 మంది ఆటతో మళ్లీ గిన్నిస్ రికార్డులు. పార్టీ మారింది, చీర పేరు మారింది, మైదానం మారింది. కొలతలు మాత్రం అవే. ఎంత ఎత్తు, ఎంతమంది? ఏం పాడారు అని ఏ రికార్డూ అడగదు. 63 అడుగుల బతుకమ్మను ఏ ఆడమనిషి తల మీద ఎత్తుకోగలదు?

లెక్కలతో పాటు ఒకేతనం వచ్చింది. ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, అలిగిన, వేపకాయలు, వెన్నముద్దలు, సద్దులు. తొమ్మిది రోజులకు తొమ్మిది పేర్ల పట్టిక ఇప్పుడు ప్రతి పత్రికలో, ప్రతి బడి గోడ మీద ఉంది. మా ఊళ్లో మొదటి రోజుకు, అలిగిన రోజుకు, చివరి రోజుకు తప్ప పేర్లు లేవు. కొన్ని ఊళ్లలో ఏడో రోజే సద్దులు. మొన్న మా మేనకోడలి కూతురు మా అమ్మతో అంది, "అమ్మమ్మా, నీకు బతుకమ్మ సరిగా తెల్వదు, మా బుక్కులో వేరే ఉంది." డెబ్బై ఏళ్లు ఆడిన మనిషి తప్పయింది. పుస్తకం ఒప్పయింది.

పూలూ నీళ్లూ సంగతి చూడండి. తంగేడు, గునుగు ఎవరూ నాటినవి కావు. బీళ్లలో, చెలకల్లో, గట్ల మీద వాటంతటవే మొలిచేవి. ఆ బీళ్లు ప్లాట్లయ్యాయి. కలుపుమందు గునుగును చంపింది. ఇప్పుడు రాష్ట్ర పుష్పాన్ని బజారులో కట్టకింత అని కొనుక్కుంటున్నాం. హైదరాబాద్ అంబర్‌పేటలో బతుకమ్మ కుంట అనే చెరువే ఉంది. ఆక్రమణలతో, చెత్తతో పూడిపోయి చాలా ఏళ్లు పేరు మాత్రమే మిగిలింది. మిగిలిన ఐదెకరాల చిల్లరను తవ్వి నీళ్లు నింపి 2025 సెప్టెంబరులో మళ్లీ తెరిచారు. మంచి పని. కానీ అలాంటి కుంటలు ఊరికొకటి మాయమయ్యాయి. మా ఊరి చెరువు శిఖం భూమిలో ఇవాళ ఒక ఫంక్షన్ హాలుంది. దాని యజమాని సద్దుల వేదికకు ఏటా దాత. చెరువు తిన్న చేయే బతుకమ్మకు దండ వేస్తుంది.

2025లో సద్దులకు మళ్లీ మా ఊరికి పోయాను. పంచాయతీ ఎన్నికల మాట నడుస్తోంది, పోటీకి నిలబడదామనుకునేవాళ్ల ఫ్లెక్సీలు గ్రౌండు చుట్టూ ఉన్నాయి. మాకు పూలు తెచ్చిన ఆమె కూతురు ఇప్పుడు మహిళా సంఘం లీడరు. తల్లి పోయి చాలా ఏళ్లయింది. వాళ్లింటికి పోయి కూర్చున్నాను. ఆ వాడలో ఒక ఇంట్లో కూర్చోవడం నాకు అదే మొదటిసారని కూర్చున్నాక తెలిసింది. మైకు పాట ఆపిన సంగతి, నా బాధ చెప్పుకున్నాను. ఆమె చాయ గ్లాసు చేతికిచ్చి విన్నది.

"అక్కా, పాట ఆపిండ్రని నువ్వు గింత బాధపడుతున్నవ్. మా అమ్మ పాటను మీ గుడి కాడికి రానిచ్చిండ్రా ఎన్నడన్న? గ్రౌండు సర్కారుది, పండుగ సర్కారుది అన్నంకనే మేం ఆడికచ్చినం. మీ అమ్మ పక్కన నా బతుకమ్మ పెట్టిన. ఎవ్వరు ఏమనలే. అనలేరు, ఎమ్మెల్యే ఉన్నడు కదా."

నా దగ్గర జవాబు లేదు. మూడేళ్లుగా నేను కూడగట్టుకున్న వాదనంతా ఒక మెట్టు కిందికి దిగింది. వేదిక మా గుండ్రాన్ని చెరిపింది అని నేననుకుంటున్నాను. వేదిక వల్లనే ఆమె గుండ్రంలోకి రాగలిగింది. రెండూ ఒకే గ్రౌండులో, ఒకే రాత్రి జరిగాయి. పాత బతుకమ్మ కావాలి అనడానికి నాకు నోరు రాలేదు. పాత బతుకమ్మలో ఆమె లేదు.

కాసేపాగి ఆమే అంది, "మాకు డీజే ఇష్టమనుకుంటున్నవా? చెవులు పోతున్నయి. పిల్లలు ఎగురుతరు, మేం నిలబడి చూస్తం. మా అమ్మ పాటలు అరవై దాంక వస్తయి నాకు. ఎవలడిగిండ్రు?"

ఆ మాపు గ్రౌండులో ఆమె సంఘం ఆడవాళ్లను వెంటబెట్టుకుని డీజే పిల్లల దగ్గరికి పోయింది. ఏం మాట్లాడిందో నాకు వినపడలేదు. అరగంట మాత్రం బాక్సులు మూగబోయాయి. ఆమె పాట ఎత్తుకుంది. నేను ఎన్నడూ వినని పాట. నాట్ల కూలి గురించి, మాపటికి ఒళ్లు నొప్పుల గురించి, పటేలు ఇంటి కొలత మానిక గురించి. కొలతలో మోసం చేసిన పటేలు ఎవరో పాటలో పేరు లేదు, ఉండాల్సిన పనీ లేదు. చెరువు అవతలి నుంచి గాలికి వచ్చిన ఆ పాటలో ఏముందో యాభై ఏళ్ల తర్వాత దగ్గరగా విన్నాను. మా అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. బాపు పోయినప్పటి నుంచి ఆటలోకి దిగదు. కూర్చున్న చోటి నుంచే పల్లవి అందుకుంది. అరగంట అయింది. మైకు మళ్లీ మోగింది. అందరం వేదిక దిక్కు తిరిగాం.

మరునాడు పాటలు రాసుకుంటానని ఆమెను అడిగాను. ఏ పాట దగ్గర ఎవరి పేరు రాయాలి, పాడింది నువ్వే కాబట్టి నీ పేరే రాస్తానన్నాను.

"నా పేరెందుకు? మా అమ్మ పేరు రాయి" అంది.

కలం పట్టుకుని ఆగిపోయాను. నా చిన్నతనమంతా మా వాకిట్లో పూలు దించిన మనిషి, నాయనమ్మ చెవి పెట్టి విన్న గొంతు. మా ఇంట్లో ఎన్నడూ ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు, కులం పేరుతోనే పిలిచాం. ఆమె అసలు పేరు నాకు తెలియదు. అరవై ఏళ్ల వయసులో, తల దించుకుని, "మీ అమ్మ పేరేంది?" అని అడిగాను.

చెప్పింది. నోటు పుస్తకం మొదటి పేజీ మీద రాసుకున్నాను.